గడియారం ఆపి చేసిన టెస్టు

కొత్త కార్లు వచ్చిన ఏడాది, అక్టోబరు మొదటి వారంలో నన్ను సౌదీలోని యాన్బు సర్క్యూట్‌కు సాంకేతిక ప్రతినిధిగా వేశారు. అంతకుముందు అయిదేళ్లు అక్కడి స్టాక్ కారు పోటీలు నడిపే సంస్థలోనే, కార్లను తనిఖీ చేసే స్క్రూటినీ విభాగంలో ఉన్నాను. సాంకేతిక ప్రతినిధి అంటే రేసులో దిగే ప్రతి కారూ నిబంధనల ప్రకారం ఉందో లేదో తేల్చే మనిషి. అతను ఒప్పుకుంటే కారు ట్రాక్ మీదికి వస్తుంది, లేకపోతే గ్యారేజీలో ఉండిపోతుంది. హోదాలో అతని పైన రేస్ డైరెక్టరు ఒక్కరే. వైద్యాధికారి అతనితో సమానం. రేసుకు ముందు ఈ ముగ్గురూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టాలి. ఒక్క సంతకం తగ్గినా పచ్చ దీపం వెలగదు.

స్టాక్ కారు అన్న పేరు విని షోరూంలో అమ్మే కారు అనుకోకండి. మొదట్లో అలాగే ఉండేదట. ఇప్పుడు పైతొడుగు మాత్రమే వీధిలో తిరిగే కారును పోలి ఉంటుంది. లోపల ఉక్కు గొట్టాల పంజరం, ఒకే సీటు, వెనక చక్రాలను తిప్పే పెద్ద ఇంజను. మా పోటీల్లో కార్లన్నీ ఒకే తయారీదారు దగ్గర్నుంచి వచ్చేవి. స్ప్రింగులు, టైర్ల గాలి, చక్రాల కోణం లాంటి కొన్ని సర్దుబాట్లు తప్ప జట్లు సొంతంగా ఏమీ మార్చకూడదు.

ఆ సర్దుబాట్లలోనే అసలు ఆట ఉంటుంది. రేసు లేని రోజున కారును ట్రాక్ మీద తిప్పి చూసుకోవడాన్ని టెస్టింగ్ అంటారు. ఒక స్ప్రింగు మార్చి నాలుగు చుట్లు, టైర్ల గాలి మార్చి మరో నాలుగు చుట్లు. తిప్పినకొద్దీ కారు వేగం పెరుగుతుంది. తిప్పినకొద్దీ టైర్లు అరుగుతాయి, ఇంజను ఆయుష్షు తరుగుతుంది, మెకానిక్కులకు సెలవన్నది లేకుండా పోతుంది. ఉన్న జట్టు నెలలో సగం రోజులు ట్రాక్ అద్దెకు తీసుకునేది. లేని జట్టు రేసు రోజునే కారును లారీ మీంచి దించేది. ఎవరు గెలుస్తారో ముందే తెలిసిన పోటీని ఎండలో కూర్చుని ఎవరు చూస్తారు? రెండు సీజన్లలో చిన్న జట్లు ఒకటొకటిగా తప్పుకున్నాయి.

అందుకని టెస్టింగ్ మీద ఆంక్ష పెట్టాలని నిర్ణయించారు. రాసే పని, అప్పటికింకా స్క్రూటినీలోనే ఉన్న నాకు అప్పగించారు. నిబంధనల పుస్తకంలో అది పద్నాలుగో అధికరణం. సీజను మొదలయ్యే ముందు నాలుగు అధికారిక టెస్టు రోజులు. ఆ తరువాత సీజను ముగిసేదాకా ఏ జట్టూ ఏ ట్రాక్ మీదా ఆ కారును తిప్పకూడదు. తిప్పితే ఆ ఏటి పాయింట్లన్నీ పోతాయి. మినహాయింపులు లేవు. ఉద్దేశపూర్వకంగానే లేకుండా రాశాను. వేలు పట్టే సందు వదిలితే భుజం దూర్చేవాళ్లతో నాకు అయిదేళ్ల అనుభవం ఉంది.

ఆ నిబంధన పనిచేసింది. తప్పుకున్న జట్లలో మూడు తిరిగి వచ్చాయి. నాకు లోపల గర్వంగానే ఉండేది.

తిరిగి వచ్చిన జట్లలో ఒకటి అబూ నాయిఫ్‌ది. ఆయన మదీనాలో హోటళ్లకు దుప్పట్లు, తువ్వాళ్లు సరఫరా చేసే వ్యాపారి. అరవై దాటిన సౌదీ పెద్దమనిషి. ఆయన జట్టుకు ఒకే కారు, ముగ్గురు మెకానిక్కులు. మెకానిక్కులకు పెద్ద మల్లేశం, కరీంనగర్ వైపువాడు. రోడ్డు పనుల కంపెనీలో రోలర్లు, గ్రేడర్లు బాగుచేయడంతో మొదలై, చేతి నేర్పు వల్ల ఇక్కడికి చేరాడు. డ్రైవరు మాజిద్ యజమానికి మేనల్లుడు. వారంలో అయిదు రోజులు రిఫైనరీలో ఉద్యోగం చేసుకుంటూ మిగతా రెండు రోజులు కారు నడిపేవాడు.

నేను యాన్బు వచ్చిన ఆ సీజనులో రెండో రేసు ఒక శనివారం మధ్యాహ్నం జరిగింది. అక్టోబరు చివరికి వచ్చినా యాన్బులో ఎండ తగ్గలేదు. సముద్రం మీంచి వచ్చే గాలిలో తడి తప్ప చల్లదనం లేదు. మాజిద్ మూడో స్థానంలో వచ్చాడు. ఆ జట్టు పోడియం ఎక్కడం అదే మొదటిసారి. జెండా పడ్డాక అతను కారును తమ గ్యారేజీ ముందు కాక, మూడు గ్యారేజీల అవతల వేరే జట్టు ముందు ఆపాడు. ఇంజను కూడా ఆపలేదు. సంబరంలో దారి మరిచాడని అందరూ నవ్వారు. మల్లేశం పరుగెత్తి వెళ్లి కిటికీ వల విప్పితే, మాజిద్ అతని ముఖంలోకి చూసి ఇంకా ఎన్ని చుట్లున్నాయని అడిగాడట. మల్లేశం నవ్వలేదు. చేయి లోపలికి పెట్టి ఇంజను ఆపేసి డాక్టరు కోసం కేక వేశాడు.

మా వైద్యాధికారి డాక్టర్ షహీదా కర్నూలు ఆమె. యాన్బులో ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేస్తూ రేసు రోజుల్లో సర్క్యూట్‌కు వచ్చేవారు. కారు లోపలి వేడికి డ్రైవర్లు సొమ్మసిల్లడం మాకు కొత్త కాదు. మాజిద్‌ది కూడా ఎండదెబ్బే అనుకుని నేను నా గదికి వెళ్లిపోయాను. గంట తరువాత ఆమె స్వయంగా వచ్చారు.

"ఇది ఎండదెబ్బ కాదు సార్. పొగ పీల్చినాడు పిల్లోడు."

"సిగరెట్టు తాగుతాడా?" అన్నాను తెలివితక్కువగా.

"సిగరెట్టు కాదు సార్, ఇంజను పొగ. రక్తంలో కార్బన్ మోనాక్సైడ్ ఉండాది. వేలికి తగిలించే మిషను దాన్ని కూడా ఆక్సిజనే అనుకుంటాది. అంతా బాగుందనే చూపించింది. రక్తం తీసి చూసినాను కాబట్టి తెలిసింది. లేకుంటే నీళ్లు తాపి ఇంటికి పంపించేసుందుము."

ఆ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవలసిన చోట తను కూర్చుంటుంది. ముందు తలనొప్పి, తరువాత తికమక, ఆ తరువాత మగత. గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంలో ఆ తికమక వస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ సాయంత్రమే ఆమె మిగతా డ్రైవర్లను ఒక్కొక్కరినీ పిలిచి అడిగారు. మొదటి రేసు అయ్యాక కూడా తల బద్దలైపోయిందని నలుగురు ఒప్పుకున్నారు. వేడి వల్లనుకున్నాం అన్నారు. చెబితే సీటు పోతుందేమోనని కూడా అనుకుని ఉండవచ్చు.

నేను మాజిద్ కారుకు సీలు వేయించాను. మర్నాడు నేనూ మల్లేశమూ దాని కింద పడుకుని పొగగొట్టం మొత్తం తడిమి చూశాం. పగులు లేదు, వదులైన బోల్టు లేదు. కారును నిలబెట్టి ఇంజను నడిపి, సీటు దగ్గర గ్యాస్ మీటరు పెట్టాం. సున్నా. గేరు తటస్థంగా ఉంచి ఇంజనును పూర్తి వేగంతో తిప్పాం. అప్పుడూ సున్నాయే. తయారీదారుకు రాస్తే, తమ పరీక్షల్లో ఇలాంటిది ఏనాడూ కనిపించలేదని మర్యాదగా జవాబు వచ్చింది.

కారు పరుగెత్తేటప్పుడే గ్యాస్ లోపలికి వస్తోందని దానర్థం. పరుగెత్తించి చూస్తేనే తేలుతుంది. పరుగెత్తించడాన్ని నా పద్నాలుగో అధికరణం నిషేధిస్తోంది. మూడో రేసుకు మూడు వారాలే ఉంది.

ఇక్కడ నేను చేసిన మొదటి పని గురించి చెప్పుకోవడానికి ఇప్పటికీ మొహమాటంగా ఉంటుంది. టెస్టు లేకుండా గట్టెక్కే దారి వెతికాను. నేల రేకు అతుకుల గుండా గ్యాస్ వస్తోందని ఊహించి, అన్ని జట్లూ ఆ అతుకులను వేడిని తట్టుకునే టేపుతో మూయాలనీ, ప్రతి కారులో గ్యాస్ మీటరు పెట్టి రేసులో అంకె పెరిగితే ఆ కారును నల్లజెండా చూపించి పిలవాలనీ ఒక సర్క్యులర్ తయారుచేశాను. దాని మీద సంతకానికి డాక్టర్ షహీదా దగ్గరికి వెళ్లాను. ఆమె మొత్తం చదివి కాగితం నాకే తిరిగి ఇచ్చారు.

"టేపు ఎక్కడ వేయాల్నో మీకు తెలుసునా సార్?"

తెలియదు, అంచనా అన్నాను.

"అయితే అంచనాకు నేను సంతకం పెట్టేదిల్లే. మీటరు చూసి జెండా ఎత్తేలోపల వాడు గోడకు తగిలితే? రేసులోనే పరీక్ష చేస్తామంటాండారు మీరు. పరీక్ష ముందర చేయండి, రేసు తర్వాత పెట్టుకోండి."

కోపంగా అనలేదు. మందుల చీటీ రాస్తూ అన్నట్టు అన్నారు. నేను తిరిగి నా గదికి వచ్చి ఆ సర్క్యులర్‌ను చింపేశాను. వైద్యాధికారి సంతకం లేకుండా రేసు లేదు. కనుక టెస్టు జరగాలి, లేదా రేసు ఆగాలి.

రేస్ డైరెక్టరు ఖాలిద్ నెమ్మది మనిషి, న్యాయశాస్త్రం చదివినవాడు. పద్నాలుగో అధికరణంలో మినహాయింపు లేదు కాబట్టి అన్ని జట్ల యజమానులూ ఒప్పుకుంటే తప్ప తన చేతులు కట్టేసినట్టే అన్నాడు. గురువారం సమావేశం పెట్టాడు. ఎవరు ఏమంటారో నాకు ముందే తెలుసనుకుని వెళ్లాను. పెద్ద జట్ల మీద అనుమానం, చిన్న జట్ల మీద నమ్మకం. జరిగింది వేరు.

అందరికంటే పెద్ద జట్టు మేనేజరు లేచి, ప్రాణాల కంటే ఏదీ ఎక్కువ కాదనీ, భద్రత కోసం తమ మూడు కార్లనూ ఎన్ని రోజులైనా తిప్పడానికి సిద్ధమనీ చెప్పాడు. ఖర్చంతా తామే పెట్టుకుంటామన్నాడు. అతని ఉత్సాహం చూస్తే నాకు నవ్వొచ్చింది.

అడ్డం తిరిగింది అబూ నాయిఫ్. ఆయన సొంత మేనల్లుడే ఆసుపత్రి పాలయ్యాడు. అయినా ఆయన లేచి, ఒక్క టెస్టుకు కూడా ఒప్పుకోనని చెప్పాడు. ఇవాళ గ్యాస్ పేరుతో తిప్పుతారు, రేపు బ్రేకుల పేరుతో, ఎల్లుండి సీటుబెల్టు పేరుతో; రంజాన్ వచ్చేసరికి వాళ్లు రోజూ ట్రాక్ మీద ఉంటారు, నేను మదీనాలో తువ్వాళ్లు లెక్కపెట్టుకుంటూ ఉంటాను అన్నాడు. మాజిద్‌ను ఈ ఏడు కారెక్కించనని కూడా అక్కడే ప్రకటించాడు. మరో రెండు చిన్న జట్లు ఆయన పక్కన చేరాయి. సమావేశం ఏమీ తేల్చకుండా ముగిసింది.

శుక్రవారం ప్రార్థనలయ్యాక నేను ఆయన వర్క్‌షాపుకు వెళ్లాను. పారిశ్రామిక వాడలో ఒక షెడ్డు అది. ఆయన ఖహ్వా, అంటే అరబ్బీ కాఫీ పోసి, ఖర్జూరాల పళ్లెం నా ముందుకు జరిపాడు. నాకు అరబ్బీ అంతంతమాత్రం, ఆయనకు ఇంగ్లీషు రాదు. ఇద్దరం పాకిస్తానీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్న ఉర్దూలో మాట్లాడుకునేవాళ్లం. మల్లేశం మూల కూర్చుని బేరింగులకు గ్రీజు పెడుతున్నాడు.

టెస్టు అవసరమని నేను మళ్లీ వివరించబోయాను. ఆయన చేయెత్తి ఆపి, అవసరం లేదని తాను అనలేదన్నాడు. టెస్టు చేస్తే ఆ పిల్లవాడికి మంచిదని తనకూ తెలుసు, కానీ ఆ తలుపు ఒకసారి తెరిస్తే మూసే శక్తి నీకు లేదు, ముహందిస్ అన్నాడు. ముహందిస్ అంటే ఇంజనీరు. నన్ను అలాగే పిలిచేవాడు.

సరే, తలుపు తెరిస్తే మీరు భయపడేది దేనికి, కారు తిరగడానికా, ఇంకోదానికా అని అడిగాను.

"గడియారానికి," అన్నాడు.

వాళ్లు తిరగనీ, సముద్రంలోకి తిరగనీ, ఎంత త్వరగా తిరిగారో వాళ్లకు తెలియకపోతే నాకు నష్టమేమిటి అన్నాడు.

మూలనుంచి మల్లేశం తల ఎత్తకుండానే అన్నాడు. "ఔ సార్. టైం తెల్వకుంటే స్ప్రింగు మంచిగైందో చెడ్డగైందో ఎవనికెర్క? ఎన్ని రౌండ్లు కొట్టినా ఫాయిదా లేదు."

ఇన్నేళ్లూ నేను టెస్టింగ్ అంటే కారు కదలడం అనుకుని నిబంధన రాశాను. వాళ్లిద్దరూ టెస్టింగ్ అంటే కొలవడం అని నాకు చెప్పారు. ఆ షెడ్డులోనే, గ్రీజు డబ్బా మూత మీద కాగితం పెట్టుకుని షరతులు రాసుకున్నాను.

ఒకే కారు తిరుగుతుంది, అది మాజిద్ నడిపిన కారే. నడిపేది ఏ జట్టు డ్రైవరూ కాదు, సర్క్యూట్ డ్రైవింగ్ స్కూల్లో శిక్షకుడైన సూడాన్ మనిషి అబ్దుర్రహీం. ట్రాక్ కింద పాతిన టైమింగ్ తీగలకు కరెంటు ఆపేస్తాం. చుట్టుకు పట్టిన సమయం చూపే స్టీరింగ్ మీది తెరకు నల్ల టేపు. టైర్లు గత రేసులో అరిగినవే. సర్దుబాట్లకు సీలు. కారు వేగాన్ని నమోదు చేసే డేటా లాగర్ తాళం నా దగ్గర. మీటరు అంకెలు అన్ని జట్లకూ అదే రోజు చేరతాయి. ప్రతి జట్టు నుంచీ ఒక మనిషి వచ్చి చూడవచ్చు, జేబులో ఫోను లేకుండా. పెట్రోలు, మార్షళ్లు, అంబులెన్సు సంస్థవే.

ఫోన్ల షరతు అబూ నాయిఫ్ చేర్చాడు. ఆదివారానికి అన్ని జట్లూ సంతకాలు చేశాయి. పెద్ద జట్టు మేనేజరు చివరగా, అంత ఉత్సాహం లేకుండా చేశాడు.

టెస్టు బుధవారం మధ్యాహ్నం పెట్టాం. రేసు జరిగిన వేళే, అదే ఎండలో జరగాలని డాక్టరు పట్టుబట్టారు. గ్యాస్ మీటరును హెల్మెట్ పక్కన పంజరానికి కట్టి, అంకెలు ట్రాక్ పక్కన పిట్ గోడ దగ్గర నా ముందున్న తెర మీదికి వచ్చేలా అమర్చాం. మీటరు ఏ అంకె దాటితే కారును వెనక్కి పిలవాలో షహీదా ముందే రాసిచ్చి, నా పక్కనే కుర్చీ వేసుకున్నారు. అబ్దుర్రహీంకు రక్తపరీక్ష చేసి పంపారు.

అతను ఇరవై చుట్లు తిప్పాడు. తెర మీద అంకె దాదాపు కదలలేదు. నేల అతుకుల దగ్గర పెట్టిన రెండో మీటరు కూడా అంతే. అబ్దుర్రహీం దిగి, తలనొప్పి లేదు, ఆకలేస్తోంది అన్నాడు. రక్తంలోనూ ఏమీ లేదు.

పిట్ గోడ వెంట నిలబడ్డ జట్ల మనుషులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఇంత హంగామా దేనికని ఒకరు ఇంగ్లీషులో గొణిగారు. మాజిద్ ముందు రాత్రి హుక్కా తాగి ఉంటాడని మరొకరు. అబూ నాయిఫ్ నీడలోకి వెళ్లి కూర్చున్నాడు. నా ఊహ తప్పని, ఆ టేపు సర్క్యులర్‌తో రేసుకు వెళ్లి ఉంటే అతుకులన్నీ మూసేసి ప్రమాదం తప్పిందని చెప్పుకునేవాళ్లమని అప్పుడు అర్థమైంది.

మధ్యాహ్నం చివరి అసర్ నమాజుకు అరగంట విరామం ఇచ్చాం. మల్లేశం పాలు లేని సులేమానీ చాయ్ గ్లాసుతో నా దగ్గరికి వచ్చాడు.

"సార్, ఒక్క మాట. ఆ దినం మా కారు ఒక్కతే లేకుండె."

"అంటే?"

"సగం రేసు మా పోరడు ముందటి బండి తోక వట్టుకోనే తిరిగిండు. దాన్ని దాటనీకి కోషిష్ జేసి జేసి ఆఖరికి దాటిండు. గా బండి పొగ మొత్తం మా ముక్కుకే తగిలింది. ఇయ్యాల ముందట ఎవడున్నడు? ఎవడు లేడు."

నేను గ్లాసు గోడ మీద పెట్టేసి కారు దగ్గరికి నడిచాను. ముందు బంపరుకు కుడి పక్కన, కింద, గుప్పెడంత రంధ్రం ఉంటుంది. అక్కడి నుంచి ఒక గొట్టం నేరుగా డ్రైవరు హెల్మెట్‌కు చల్లగాలి తెస్తుంది. ఈ కార్లలో పొగగొట్టం కూడా కుడి పక్కనే, అంతే ఎత్తులో బయటికి తెరుచుకుంటుంది. ముందు కారు వదిలిన పొగను వెనక కారు డ్రైవరు తన హెల్మెట్‌లోకి తనే పంపించుకుంటున్నాడు. చల్లగాలి అనుకుని.

రుజువు చేయాలంటే రెండో కారు కావాలి. నేను రాసిన షరతుల్లో మొదటిదే ఒకే కారు అని.

జట్ల మనుషులందరినీ పిలిచి విషయం చెప్పాను. రెండో కారు ఎక్కడుందని ఎవరో అడిగారు. పెద్ద జట్టు మేనేజరు గొంతు సవరించుకుని, తమ కారొకటి లారీలో ఉందన్నాడు. ఎందుకు తెచ్చారని ఖాలిద్ అడిగితే, కడిగించడానికని జవాబిచ్చాడు. యాన్బు నుంచి జిద్దా దాకా కార్లు కడిగేవాళ్లకు కొదవ లేదు. అందరూ అబూ నాయిఫ్ వైపు చూశారు. ఆయన ఒప్పుకోకపోతే ఆ రోజుకు టెస్టు ముగిసినట్టే.

ఆయన లేచి వచ్చి ముందు డాక్టరును అడిగాడు, ఇదే కారణమై ఉంటుందా అని. చూస్తేనే తెలుస్తుంది చాచా, చూడకుండా నేను చెప్పలేను అని ఆమె ఉర్దూలో అన్నారు. ఆయన ఆ లారీ వైపు ఒకసారి చూశాడు. తరువాత ఒకే ఒక్క షరతు పెట్టాడు: ఆ కారు తెరకు టేపు వేసేది మల్లేశం. మేనేజరు ముఖం ఎర్రబడింది కానీ తల ఊపాడు.

మల్లేశం ఆ పని తీరిగ్గా చేశాడు. టేపు మూడు పొరలు వేసి, అంచులు గోటితో నొక్కి, కిందికి వంగి ఇంకేమైనా తెర మిగిలిందేమోనని చూసి, "అయింది, ఇగ తోల్కపోండ్రి" అన్నాడు.

డ్రైవింగ్ స్కూలు రెండో శిక్షకుడు ముందు, అబ్దుర్రహీం వెనక. రెండు కార్ల మధ్య ఒక కారు దూరం కంటే తక్కువ ఉంచమని చెప్పాం. మొదటి చుట్టులో అంకె కదిలింది. మూడో చుట్టుకు మొదటి పరుగులో ఎన్నడూ చూడనంత పైకి వెళ్లింది. అయిదో చుట్టులో నా పక్కన కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైంది.

"చాలు సార్, పిలిపించేయండి."

ఆమె రాసిచ్చిన అంకెకు ఇంకా కొంచెం దూరముంది. ఎలా పెరుగుతోందో చూద్దాం, ఇంకో చుట్టు అన్నాను.

"చూసినాం కదా సార్! ఆ మనిషికీ పిల్లలుండారు. పిలవండి."

రేడియోలో పిలిచాను. అబ్దుర్రహీం దిగి, ఈసారి ఆకలి సంగతి ఎత్తలేదు. నుదురు పట్టుకున్నాడు. ఆక్సిజన్ మాస్కు పెట్టి పడుకోబెట్టారు, గంటలో లేచి కూర్చున్నాడు. తరువాతి పరుగుకు ముందు కారు శిక్షకుడిని వెనకకు మార్చి, ముందు కారును స్కూల్లోని మరో శిక్షకుడికి ఇచ్చి, హెల్మెట్ గొట్టాన్ని బంపరు నుంచి పీకి, వెనక పక్క కిటికీ దగ్గర పైకి తగిలించాం. మల్లేశానికి అది పావుగంట పని. అంతే దగ్గరగా, అన్నే చుట్లు తిప్పితే అంకె అడుగునే ఉండిపోయింది.

అప్పుడు ఖాలిద్ అడిగిన ప్రశ్న చిన్నది. సీజను ముందు నాలుగు రోజులు అధికారిక టెస్టులు జరిగాయి కదా, అన్ని కార్లూ తిరిగాయి కదా, అప్పుడు ఎందుకు బయటపడలేదు?

జవాబు నాకు తెలుసు. ఆ నాలుగు రోజుల్లో ఖర్చు ఇంకా తగ్గించాలని నేనే ఒక ఉపనిబంధన రాశాను. కార్లు ఒకదాని వెనక ఒకటి దగ్గరగా తిరిగితే గుద్దుకుంటాయి, బాడీలు విరుగుతాయి, చిన్న జట్లకు అది భరించలేని దెబ్బ. అందుకని ఒక్కో కారు విడివిడిగా, మధ్య తగినంత ఎడంతో మాత్రమే తిరగాలని పెట్టాను. నాలుగు రోజులూ ఏ కారూ మరో కారు పొగ వాసన చూడలేదు. తయారీదారు కూడా ఒకే కారుతో పరీక్షించి పంపాడు. రెండు కార్లు మొదటిసారి దగ్గరగా తిరిగింది నిజమైన రేసులోనే.

ఆ మాట అక్కడే, అందరి ముందూ చెప్పాను. చెప్పాక భారం తగ్గిన మాట నిజం. పెద్ద జట్టు మేనేజరు ఏదైనా అంటాడనుకున్నాను. అతను తన కారు తెర మీది మూడు పొరల టేపు గీక్కునే పనిలో ఉన్నాడు.

నివేదికలో కూడా ఆ సంగతి మీద ఒక పేరా రాశాను. రెండు రోజుల తరువాత ఖాలిద్ నన్ను పిలిచి, ఇది అవసరమా, తప్పు తయారీదారుది కదా అన్నాడు. నా మంచికే అన్నాడని తెలుసు. తయారీదారు తప్పూ నా నిబంధన తప్పూ రెండూ నిజమేననీ, మొదటిదాన్ని సరిదిద్దడం మన చేతిలో లేదనీ, రెండోది మన చేతిలో ఉందనీ చెప్పాను. పేరా ఉండిపోయింది.

మూడో రేసు అనుకున్న రోజునే జరిగింది. అన్ని కార్లకూ గొట్టం వెనక కిటికీకి మారింది, దానికి ఒక వడపోత డబ్బా చేరింది. మాజిద్‌ను కారెక్కించనన్న మాటను అబూ నాయిఫ్ చెల్లెలే వచ్చి వెనక్కి తీయించిందని మల్లేశం చెప్పాడు. మాజిద్ ఆరో స్థానంలో వచ్చాడు. కారు తమ గ్యారేజీ ముందే ఆపి, ఇంజను ఆపి, దిగీ దిగగానే బ్రేకులు బాగా లేవని మల్లేశంతో పోట్లాటకు దిగాడు. షహీదా డ్రైవర్లందరి రక్తమూ పరీక్షించి, ఫలితాల కాగితం నా బల్ల మీద పెట్టి, "ఇప్పుడు ఇంటికి పోయి పండుకోండి సార్" అన్నారు. ఆ సాయంత్రం హాయిగా గడిచింది. వర్క్‌షాపు షెడ్డులో అబూ నాయిఫ్ మాంసంతో వండించి పెట్టిన కబ్సా అన్నం తిన్నాం. పెద్ద జట్టు మేనేజరు కూడా వచ్చి నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

సీజను అయ్యాక పద్నాలుగో అధికరణాన్ని తిరగరాశాను. ఆంక్ష అలాగే ఉంది, నాలుగు రోజులు నాలుగు రోజులే. మారినవి మూడు. అధికారిక టెస్టులో చివరి గంట కార్లన్నీ గుంపుగా తిరగాలి. విరిగిన బాడీ భాగాలకు ఉమ్మడి నిల్వ ఉంటుంది. భద్రత కోసం అదనపు టెస్టు అడిగే హక్కు ఏ జట్టుకైనా, వైద్యాధికారికైనా ఉంటుంది, కానీ అది గడియారం ఆపి, అందరి కళ్ల ముందూ, ఫలితం అందరికీ ఇచ్చే పద్ధతిలోనే జరుగుతుంది. ఆ తరువాత నేనున్న రెండు సీజన్లలోనూ అలాంటి టెస్టును ఒక్క జట్టే అడిగింది. దానికి నిజమైన కారణమే ఉంది. కాలం కొలవని టెస్టు మీద, అవసరం లేనివాడికి ఆశ ఉండదు.

ఉద్యోగం చివర్లో కొత్తగా చేరిన ఇద్దరు సౌదీ ఇంజనీర్లకు నిబంధనలు రాయడం నేర్పే పని నాకిచ్చారు. వాళ్లకు నేను చెప్పింది ఇదే. ఖర్చు తగ్గించే ప్రతి నిబంధనా ఏదో ఒకటి చేయకుండా ఆపుతుంది. అలా ఆపినప్పుడు ఆదా అయ్యేదాన్ని అందరం లెక్క వేస్తాం. దానివల్ల మనకు కనిపించకుండా పోయేది కూడా ఒకటి ఉంటుంది, దాన్ని ఎవరూ రాసిపెట్టరు. అందుకని ముసాయిదా నమూనాలో ఒక గడి చేర్పించాను: ఈ ఆంక్ష వల్ల మనం ఏమి చూడలేకపోతాం? వాళ్లు మొదట ఆ గడిలో ఏమీ లేదని రాసి తెచ్చేవారు. అలా రాసిన ముసాయిదాను నేను చదవకుండానే తిప్పి పంపేవాణ్ని.